చెప్పేవాళ్లకూ ఊపిరాడాలి

కూరగాయల ధరలు మండినప్పుడు తప్ప వార్తల్లోకి ఎక్కని సూర్యాపేట మార్కెట్‌ బజారు పేరు 2020 ఏప్రిల్‌లో రాష్ట్రమంతా మోగిపోయింది. ఏప్రిల్‌ 21న ఒక్కరోజే జిల్లాలో 26 కరోనా కేసులు బయటపడ్డాయి. మొత్తం 80కి చేరింది. మర్నాడే ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సోమేశ్‌ కుమార్‌, డీజీపీ మహేందర్‌రెడ్డి హైదరాబాద్‌ నుంచి వచ్చి పరిస్థితి చూసి వెళ్లారు. ఆ రోజుల్లోనే ఒక వార్త దేశమంతా చుట్టివచ్చింది. లాక్‌డౌన్‌లో పొద్దుపోక ఇరుగుపొరుగుతో కలిసి అష్టాచమ్మా ఆడిన ఒక మహిళ నుంచి 31 మందికి వైరస్‌ సోకిందట.

చదివినవాళ్లు నవ్వుకున్నారు. ఆ బజార్లలో ఇల్లిల్లూ తిరగాల్సిన ఏఎన్‌ఎంకు, ఆశా కార్యకర్తకు నవ్వే తీరిక లేదు. పల్స్‌ పోలియో చుక్కల గురించి చెప్పడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఓఆర్‌ఎస్‌ పొట్లం ఎన్ని నీళ్లలో కలపాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అష్టాచమ్మా గవ్వలు పక్కన పెట్టమని మాత్రం ఏ శిక్షణ పుస్తకంలోనూ లేదు. పైగా వాళ్ల పద్ధతే వేరు. అరుగు మీద పక్కనే కూర్చుని, పిల్లాణ్ని ఒళ్లోకి తీసుకుని, కోడలు ఎట్లుందో, పొలం ఎట్లుందో అడిగి, ఆ తర్వాత మెల్లగా అసలు విషయంలోకి దిగుతారు. ఆ అరుగే ఇప్పుడు ప్రమాదమైంది. ముఖానికి గుడ్డ కట్టుకుని, గేటు అవతల నిలబడి, గొంతు పెంచి చెప్పాలి. పదిహేనేళ్లుగా కూడబెట్టుకున్న చనువంతా ఆ గేటు దగ్గర ఆగిపోయింది.

ఆరోగ్యం గురించి జనానికి చెప్పడమే పనిగా ఉన్నవాళ్లను ఎన్ని పేర్లతో పిలిచినా, వాళ్ల నుంచి సర్కారూ సమాజమూ ఆశించేది ఏటా మారుతూనే ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లోనూ వాటి చుట్టూ ఉన్న పల్లెలు, తండాల్లోనూ ఈ మార్పు బాగా కనిపిస్తుంది. మొదటి ఊళ్లో మెడికల్‌ కాలేజీ ఉంది. రెండోది రాష్ట్ర సరిహద్దు. మూడోది రైస్‌ మిల్లుల ఊరు. మూడు చోట్లా చెప్పాల్సిన మాట వేరు, వినేవాళ్లు వేరు. చెప్పేవాళ్లు తట్టుకుని నిలబడాలని అందరూ అంటారు. దానికి వాళ్ల చేతికి ఏమిచ్చారన్న లెక్క ఎవరూ తీయరు.

లక్ష్యాలు పోయాయి, మళ్లీ వచ్చాయి

ఈ కొలువుకు పాత చరిత్రే ఉంది. కేంద్ర ఆరోగ్య విద్యా సంస్థ 1956లో ఏర్పడింది. 1960లలో కుటుంబ నియంత్రణ కార్యక్రమంతో బ్లాకుకో ఎక్స్‌టెన్షన్‌ ఎడ్యుకేటర్‌ వచ్చారు. ఊళ్లో ప్రొజెక్టర్‌ పెట్టి సినిమా చూపించడం, గోడల మీద ఎర్ర త్రికోణం రాయించడం, మహిళా మండళ్లలో మాట్లాడటం వారి పని. తెలుగునాట ఆ వారసులే ఇప్పటి హెల్త్‌ ఎడ్యుకేటర్లు, ఎంపీహెచ్‌ఈవోలు, జిల్లా స్థాయిలో 'డెమో' అని పిలిచే అధికారులు.

ఎమర్జెన్సీ కాలంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యాలు వాళ్ల మీద పడ్డాయి. నచ్చజెప్పాల్సిన మనిషి మనుషుల్ని తోలుకొచ్చే మనిషి అయ్యాడు. ఆరోగ్య సిబ్బందిని చూసి జనం పొలాల్లోకి పరుగెత్తిన రోజులవి. పోయిన నమ్మకం తిరిగి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. చివరికి 1996 ఏప్రిల్‌ నుంచి కేంద్రమే లక్ష్యాల పద్ధతిని ఎత్తేసింది.

2005 ఏప్రిల్‌ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌ మొదలై, వెయ్యి జనాభాకు ఒక ఆశా కార్యకర్త వచ్చినప్పుడు ఉద్దేశం చాలా సరళం. ఊరి కోడలే ఊరివాళ్లకు చెబుతుంది, గర్భిణిని ఆస్పత్రికి తోడుగా తీసుకెళ్తుంది, టీకాల రోజున పిల్లల్ని పోగుచేస్తుంది. జీతం లేదు, పనిని బట్టి పారితోషికం. ఇప్పుడామె పనుల చిట్టా చూస్తే కళ్లు తిరుగుతాయి. పురుడు పోసుకున్న ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలి. ఆ తర్వాత పదిహేను నెలల దాకా మూణ్నెల్లకోసారి వెళ్లాలి. ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, వంశంలో బీపీ, షుగర్‌ గురించి అడిగి ఫారం నింపాలి. ఆ ఫారానికి పది రూపాయలు. క్షయ రోగి మందులు మింగుతున్నాడో లేదో చూడాలి. బుధ, శనివారాలు టీకాలు. శుక్రవారం డ్రైడే, కుండీల్లో నీళ్లు పారబోయించాలి. మధ్యలో కంటివెలుగు వచ్చింది, కుష్ఠు సర్వే వస్తుంది, జ్వరం సర్వే వస్తుంది. వీటన్నింటికీ ఫోన్‌లో ఫొటో, ఆన్‌లైన్‌లో ఎంట్రీ.

ఏఎన్‌ఎంల పరిస్థితీ అంతే. వారి చేతికి ట్యాబ్‌ ఇచ్చి రిజిస్టర్ల బరువు దించాలన్న 'అన్‌మోల్‌' అప్లికేషన్‌ 2016లో ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. మంచి ఆలోచనే. కానీ రిజిస్టర్లు పోలేదు, ట్యాబ్‌ వచ్చి చేరింది. క్షయకు ఒక పోర్టల్‌, టీకాలకు ఒకటి, బీపీ షుగర్లకు మరొకటి. ఆయుష్మాన్‌ భారత్‌ హెల్త్‌ ఖాతాల నంబర్లు వేరే. రద్దయిన లక్ష్యాలు ఇప్పుడు డ్యాష్‌బోర్డు మీద శాతాలై తిరిగొచ్చాయి. మండలాన్ని మండలంతో పోల్చి, వెనకబడ్డవాళ్లను టెలికాన్ఫరెన్స్‌లో నిలదీస్తే, సిగ్నల్‌ దొరికే గుట్ట కోసం వెతుకుతున్న మనిషికి అరుగు మీద కూర్చునే తీరిక ఎక్కడిది? ఈ కథనం వాదన అంతా ఇక్కడే ఉంది. మాట చెప్పే పనిని లెక్క రాసే పని మింగేసింది. అలసట అక్కడ మొదలైంది.

నీళ్లు లేని పాఠం

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఆరోగ్య విద్య ఎంత కష్టమో తెలియాలంటే ఫ్లోరైడ్‌ కథ గుర్తు చేసుకోవాలి. సాగర్‌ ఎడమ కాల్వ పారే మిర్యాలగూడ, కోదాడ వైపు కంటే పడమటి మండలాలైన మర్రిగూడ, నాంపల్లి, మునుగోడుల్లో దాని ఉగ్రరూపం ఎక్కువ. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఇంకా పెరిగితే ఎముకలకు ముప్పు. పటిక, సున్నం, బ్లీచింగ్‌ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు 1970లలో రూపొందిస్తే, ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో దానికి 'నల్లగొండ టెక్నిక్‌' అన్న పేరే స్థిరపడింది.

దశాబ్దాల పాటు అక్కడి ఆరోగ్య సిబ్బంది చెప్పిన పాఠం ఒక్కటే: బోరు నీళ్లు తాగకండి. "మరి ఏ నీళ్లు తాగాలమ్మా?" అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. వంకరపోయిన కాళ్లతో పిల్లాడు ఎదురుగా కూర్చుని ఉంటే, పాఠం చెప్పినావిడ కూడా సాయంత్రం అదే బోరు నీళ్లతో వంట చేసుకోవాలి. చేతిలో పరిష్కారం లేకుండా సలహా మాత్రమే ఇవ్వాల్సి రావడం కంటే మనిషిని లోపల్నుంచి తినేసేది మరొకటి లేదు. కృష్ణా జలాలు, ఆ తర్వాత 2016లో మొదలైన మిషన్‌ భగీరథ గొట్టాలు ఊళ్లకు చేరాకే ఆ పాఠానికి బలం వచ్చింది. చెప్పే మనిషి ధైర్యంలో సగం, వేలెత్తి చూపడానికి ఎదురుగా ఒక నల్లా ఉండటం.

రక్తహీనత విషయంలోనూ ఇదే చిక్కు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో సగానికి పైగా మహిళల్లో రక్తం తక్కువని తేలింది. ఆకుకూర, గుడ్డు, పండు తినమని చెప్పడం తేలిక. నాట్ల కూలీకి పోయి, అందరికీ పెట్టి, చివర తినే ఆడమనిషికి చెప్పి చూడండి. అంగన్‌వాడీలో గుడ్డూ పాలూ అందుతున్న నెలల్లో ఆశా మాటకు వచ్చే విలువ, అవి ఆగిన నెలల్లో రాదు.

పదిహేనేళ్లు ఒక మాట, ఆ తర్వాత ఇంకో మాట

ఈ కొలువులో అన్నింటికంటే ఇబ్బంది పెట్టే మలుపు కాన్పుల దగ్గర వచ్చింది. "ఇంట్లో పురుడు వద్దు, ఆస్పత్రికి రండి" అని ఆశాలు, ఏఎన్‌ఎంలు ఏళ్ల తరబడి గడప గడపకూ తిరిగారు. మంత్రసానిని నమ్ముకున్న అత్తల్ని ఒప్పించారు. అర్ధరాత్రి 108 కోసం రోడ్డు మీద నిలబడ్డారు. 2017 జూన్‌లో కేసీఆర్‌ కిట్‌ వచ్చాక ఆడపిల్ల పుడితే 13 వేలు, మగపిల్లాడు పుడితే 12 వేలు అన్న కబురు మోసుకెళ్లారు. ఫలితం వచ్చింది. కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2014–16లో 81 ఉండగా 2018–20 నాటికి 43కు దిగాయి. ఇంత పెద్ద విజయంలో ఊరూరా తిరిగిన కాళ్ల వాటా ఎంతో ఏ శిలాఫలకం మీదా కనిపించదు.

ఆ సంబరం తీరకముందే ఇంకో అంకె బయటికొచ్చింది. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. అప్పటి ఆరోగ్య మంత్రి హరీశ్‌రావు నుంచి కింది దాకా అందరూ 'సాధారణ కాన్పు' నినాదం ఎత్తుకున్నారు. నినాదాన్ని గడప దాకా మోయాల్సింది మళ్లీ ఆశా కార్యకర్తే. నిన్న ఆస్పత్రికి రమ్మన్న నోటితోనే నేడు "కోత అవసరమా అని డాక్టరమ్మను అడగండి" అని చెప్పాలి. ఇటువైపు నొప్పులు భరించలేనని ఏడ్చే పిల్ల, మధ్యలో ముహూర్తం పెట్టించుకొచ్చిన తాతయ్య, అటువైపు పట్టణంలో వరసగా వెలిసిన నర్సింగ్‌ హోములు. "నువ్వేమన్న డాక్టరువా బిడ్డా?" అని ఇంటాయన అడిగితే ఆశా దగ్గర ఉన్నదల్లా ఒక కరపత్రం.

అయినా చెప్పుకోదగ్గ ప్రయత్నం ఒకటుంది. 2017లో కరీంనగర్‌ ప్రభుత్వ ఆస్పత్రిలో ఫెర్నాండెజ్‌ సంస్థ తోడ్పాటుతో 30 మంది స్టాఫ్‌ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. నొప్పులు పడుతున్న అమ్మాయి పక్కనే ఉండి, నడిపించి, నడుము రాసి, ధైర్యం చెప్పే మనిషిని తయారుచేయడం దాని ఉద్దేశం. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. ఊళ్లో ఆశా చెప్పిన మాటను లేబర్‌ రూమ్‌లో నిలబెట్టే మనిషి ఒకరు ఉంటే, ఆ మాట ఒంటరిది కాదు. ప్రతి ఏరియా ఆస్పత్రికీ అలాంటి ఒకరిద్దరు దొరికితే ఎంత తేడా వస్తుందో మిర్యాలగూడలో ఏ ఏఎన్‌ఎంను అడిగినా చెబుతుంది.

మిల్లు గేటు దగ్గర హిందీ

మిర్యాలగూడ అంటే వడ్లు, మిల్లులు, లారీలు. సాగర్‌ ఆయకట్టు పంట ఇక్కడి రైస్‌ మిల్లుల్లో బియ్యమై దేశం నాలుగు మూలలకూ పోతుంది. బస్తాలు మోసే హమాలీల్లో చాలామంది బిహార్‌ వాళ్లు. 2020 మేలో దేశమంతా వలస కూలీలు సొంతూళ్లకు నడిచిపోతుంటే, బిహార్‌లోని ఖగడియా నుంచి ఒక రైలు ఎదురుదిశలో లింగంపల్లికి వచ్చింది. అందులో దిగిన రెండు వందల పైచిలుకు హమాలీలను నల్లగొండ, మిర్యాలగూడ, కరీంనగర్‌ తదితర ప్రాంతాల మిల్లులకు పంపారు. స్టేషన్లో పూలిచ్చి, మాస్కులిచ్చి స్వాగతం పలికారు. వాళ్లు లేకపోతే రబీ ధాన్యం కదలదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

ఆరోగ్య సిబ్బందికి మాత్రం వాళ్లెప్పుడూ కష్టమైన శ్రోతలే. దుమ్ములో పని, ఇరుకు షెడ్లలో పడక. దగ్గు పట్టుకుంటే తెమడ పరీక్షకు పంపాలి. క్షయ అని తేలితే ఆరు నెలల మందులు. సీజన్‌ మూడు నెలలే. రోగి మధ్యలో రైలెక్కితే ఆన్‌లైన్‌లో పేరు బదిలీ చేయాలి, అవతలి జిల్లా అందుకోవాలి. అన్నింటికీ ముందు మాట అర్థం కావాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఊరి కోడలిగా ఎంపికైన ఆశా కార్యకర్త మిల్లు గేటు దగ్గర హిందీలో కౌన్సెలింగ్‌ చేయాల్సి వస్తుందని 2005లో ఎవరైనా అనుకున్నారా? నేర్చుకుంటున్నవాళ్లు ఉన్నారు, సీరియళ్ల హిందీతో, మిల్లు గుమస్తా సాయంతో. దామరచర్ల వైపు తండాలకు పోతే లంబాడీ మాట కావాలి. దీన్ని ఏ శిక్షణా లెక్కలోకి తీసుకోలేదు, ఏ పారితోషికమూ గుర్తించలేదు.

కోదాడకు వస్తే చిక్కు సరిహద్దుతో. 65వ జాతీయ రహదారి మీద రామాపురం క్రాస్‌రోడ్‌ దాటితే ఆంధ్రప్రదేశ్‌. 2021 మేలో ఆంధ్ర నుంచి కొవిడ్‌ రోగులతో హైదరాబాద్‌ పోయే అంబులెన్సులను ఇక్కడే ఆపేశారు. హైకోర్టు మే 14న జోక్యం చేసుకునేదాకా ఆ గోడు సాగింది. అది అసాధారణ సమయం సరే. మామూలు రోజుల్లోనూ సరిహద్దు ఏఎన్‌ఎంకు ప్రతి నెలా పరీక్షే. తొలి కాన్పుకు పిల్ల పుట్టింటికి పోవడం మన ఆచారం. ఏడో నెల దాకా కోదాడ పల్లెలో చూసిన గర్భిణి ఎనిమిదో నెలలో జగ్గయ్యపేట వైపు వెళ్తుంది. అక్కడ పథకం వేరు, పోర్టల్‌లో ఊరు వేరు, ఆశా వేరు. బిడ్డ పుట్టాక మూడో నెలలో తిరిగొస్తే ఏ టీకా పడిందో ఏది పడలేదో తల్లీబిడ్డల కార్డు చూసి, ఫోన్లు చేసి తేల్చుకోవాలి. డ్యాష్‌బోర్డు మీద ఆ బిడ్డ 'టీకా అందని శిశువు'గా ఎర్రగా కనిపిస్తూనే ఉంటుంది.

కాలేజీ కొత్త, పాఠ్యక్రమం కొత్త, రోగమూ కొత్త

ఇప్పటిదాకా ఊళ్లో చెప్పేవాళ్ల సంగతి. డాక్టర్లకు చెప్పేవాళ్ల సంగతీ అంత తేలిగ్గా లేదు. సూర్యాపేట ప్రభుత్వ మెడికల్‌ కాలేజీ 2019లో 150 సీట్లతో మొదలైంది, నల్లగొండ కాలేజీ కూడా అదే ఏడాది. సరిగ్గా ఆ ఆగస్టులోనే దేశమంతటా ఎంబీబీఎస్‌ పాఠ్యక్రమం మారింది. 1997 నాటి నిబంధనలతో సాగిన చదువు పోయి, 'సామర్థ్యాల ఆధారిత' చదువు వచ్చింది. మొదటి నెలంతా ఫౌండేషన్‌ కోర్సు. తొలి ఏడాది నుంచే రోగుల దగ్గరికి తీసుకెళ్లాలి. రోగితో మాట్లాడటం, నైతికత, మర్యాద నేర్పే 'ఏట్‌కామ్‌' తరగతులు పెట్టాలి. గంటసేపు ఉపన్యాసం ఇచ్చి వెళ్లిపోయే ప్రొఫెసరు ఇప్పుడు చిన్న బృందాల్లో చర్చ నడపాలి, లాగ్‌బుక్‌లో ప్రతి నైపుణ్యానికీ సంతకం పెట్టాలి. అందుకోసం తానే మళ్లీ విద్యార్థై శిక్షణకు పోవాలి.

గోడల సున్నం ఆరని కాలేజీలో ఈ కొత్త చదువు మొదలై ఏడు నెలలైందో లేదో లాక్‌డౌన్‌ పడింది. విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోయారు. మృతదేహం ముందు నిలబడి నేర్పాల్సిన అనాటమీ ఫోన్‌ తెర మీదికి చేరింది. పట్టణం హాట్‌స్పాట్‌ అయింది. బోధనాస్పత్రిగా మారుతున్న పాత ఏరియా ఆస్పత్రి కరోనాను మోయాల్సి వచ్చింది. దేశంలో కొత్త కాలేజీలన్నీ ఒడుదొడుకులు చూశాయి కానీ, ఇంత తక్కువ వ్యవధిలో ఇన్ని మీదపడిన అధ్యాపకులు అరుదు.

ఆ తర్వాతా నిబంధనలు నిలకడగా లేవు. 2022లో ప్రతి విద్యార్థీ పల్లెలో కనీసం మూడు కుటుంబాలను దత్తత తీసుకోవాలన్నారు. 2024 ఆగస్టు 31న కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. విమర్శలు చెలరేగడంతో వారం తిరక్కుండానే ఉపసంహరించారు. మరో వారానికి సవరించినవి ఇచ్చారు. ఏ ప్రతి ప్రకారం పాఠం సిద్ధం చేసుకోవాలో అప్పుడు అధ్యాపకుల్లో ఎవరు ధైర్యంగా చెప్పగలరు? 2025 మే నుంచి ముఖం చూపించి హాజరు వేయాలి. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు తెలంగాణలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఐదు. 2024 నాటికి 34. జిల్లాకో కాలేజీ గొప్ప విషయమే. కానీ అధ్యాపకులు అంత వేగంగా పుట్టరు. 2025లో జాతీయ వైద్య కమిషన్‌ రాష్ట్రంలోని పలు కాలేజీలకు లోపాలపై నోటీసులు పంపింది. ఇద్దరి పని ఒకరు చేస్తున్న విభాగాల్లో చిన్న బృందాల చర్చ కాగితం మీదే నడుస్తుంది.

నర్సింగ్‌ బోధకులదీ ఇదే దారి. 2021లో భారత నర్సింగ్‌ మండలి బీఎస్సీ నర్సింగ్‌ను సెమిస్టర్‌ పద్ధతిలోకి మార్చింది.

నిబ్బరం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇలాంటి చోట సాధారణంగా జరిగేది ఒకటుంది. ఒక పూట 'ఒత్తిడిని జయించడం ఎలా' అన్న వర్క్‌షాపు పెడతారు. పది నిమిషాలు కళ్లు మూసుకోమంటారు, టీ బిస్కెట్లు ఇస్తారు, గ్రూప్‌ ఫొటో దిగుతారు. ఆ ఫొటో కూడా అప్‌లోడ్‌ చేయాలి!

ధ్యానాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. కష్టం ఎక్కువైనవాళ్లకు 14416 నంబరుతో 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్‌ ఉంది, వాడుకోవాలి కూడా. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'బర్నవుట్‌'ను రోగాల వర్గీకరణలో చేర్చినప్పుడు ఒక జాగ్రత్త తీసుకుంది. దాన్ని జబ్బు అనలేదు. సరిగ్గా సంభాళించని పని ఒత్తిడి వల్ల పుట్టే వృత్తిపరమైన స్థితి అంది. సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి, ఏం చేసినా ఉపయోగం లేదన్న భావన దాని లక్షణాలు. మూలం పనిలో ఉంటే మందు కూడా పనిలోనే వెతకాలి.

అదే సంస్థ 2018లో సామాజిక ఆరోగ్య కార్యకర్తల మీద ఇచ్చిన మార్గదర్శకాలు మన దగ్గర పెద్దగా చర్చకు రాలేదు. పనికి తగ్గ వేతనం ఇవ్వండి, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, తోడుండి నేర్పే పర్యవేక్షణ ఉండాలి అని చెబుతూ, పూర్తిగా గానీ అధికభాగం గానీ పనికింత అన్న పారితోషికాల మీదే ఆధారపడవద్దని సూచించింది. మన ఆశా పథకం నిలబడిందే ఆ పారితోషికాల మీద. 1977 అక్టోబరు 2న మొదలైన గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకంలో నెలకు యాభై రూపాయల గౌరవ భృతి ఇచ్చారు. దాన్నుంచి నేటిదాకా 'స్వచ్ఛంద సేవకురాలు' అన్న ముసుగు తొలగలేదు.

తెలంగాణ ఆశాలు 2015లో వంద రోజులకు పైగా సమ్మె చేశారు. 2017లో రాష్ట్రం నెలకు ఆరు వేలు ప్రకటించింది, పెరుగుతూ పెరుగుతూ అది 9,750 అయింది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షల మంది ఆశాలకు గ్లోబల్‌ హెల్త్‌ లీడర్స్‌ పురస్కారం ఇచ్చింది. 2023 సెప్టెంబరులో మళ్లీ సమ్మె. 2024 డిసెంబరులో 18 వేల స్థిర వేతనం అడుగుతూ కోఠిలో బైఠాయించినప్పుడు పోలీసులతో తోపులాట జరిగింది. 2025లో కేంద్రం తన వాటా స్థిర ప్రోత్సాహకాన్ని రెండు వేల నుంచి 3,500కు పెంచింది.

ఈ సమ్మెల్ని కేవలం జీతం గొడవగా చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం పుట్టిన నేల ఇది. తుంగతుర్తి వైపు కర్విరాల కొత్తగూడెం నుంచి బయల్దేరి, ఉయ్యాల పాటలతో ఆడవాళ్లను కూడగట్టిన మనిషి ఆమె. విడివిడిగా తిట్లు తిన్నవాళ్లు ఒకచోట కూర్చుని "నీకూ అంతేనా?" అని ఒకరినొకరు అడగడంలో ఉన్న బలం ఈ జిల్లాకు కొత్త కాదు. సంఘం సమావేశాల్లో దొరికే ఆ ఊరట, నెలనెలా పీహెచ్‌సీలో జరిగే 'ఆశా డే'లో దొరకాలి నిజానికి. అక్కడ ఎక్కువ సేపు జరిగేది అంకెలు సరిచూసుకోవడమే.

మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్‌, మేబెల్‌ ఆరోలే దంపతులు 1970లో మొదలుపెట్టిన పని ఇందుకు ఎదురు ఉదాహరణ. చదువురాని, వెనకబడిన కులాల ఆడవాళ్లను గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. వాళ్లు వారం వారం కేంద్రానికి వచ్చేవారు. ఆ వారం ఊళ్లో ఏమైందో చెప్పుకునేవారు, ఓడిపోయిన సంగతులతో సహా. ఒకరి చిక్కుకు ఇంకొకరు ఉపాయం చెప్పేవారు. కొత్త పాఠం ఆ తర్వాతే. ఒప్పించలేకపోయిన మామగారి కథ నలుగురికీ నవ్వుతూ చెప్పుకోగలిగితే, వచ్చే వారం అదే గడప ఎక్కే ఓపిక వస్తుంది. దీనికి పెద్ద బడ్జెట్‌ అక్కర్లేదు. నెలకు ఒక పూట అంకెలు అడగని సమావేశం చాలు. మెడికల్‌ కాలేజీల్లోనూ వైద్య విద్యా విభాగాలు ఉన్నాయి. వాటిని తనిఖీల నాటి ఫైళ్లకు పరిమితం చేయకుండా, పాఠం ఎక్కడ తేలిపోయిందో అధ్యాపకులు ఒకరితో ఒకరు దాపరికం లేకుండా మాట్లాడుకునే చోటుగా వాడుకోవచ్చు.

చిట్టాలోంచి పనులు తీసేయడం కూడా నేర్చుకోవాలి. కొత్త సర్వే ఇచ్చే ప్రతిసారీ పాతది ఏది ఆపాలో అదే ఉత్తర్వులో రాస్తే సగం సమస్య తీరుతుంది. ఇది ఆదర్శవాదంలా వినిపించవచ్చు. కానీ బీపీ గోలీల సంగతే తీసుకోండి. నొప్పి లేదు, జ్వరం లేదు, అయినా జీవితాంతం రోజూ గోలీ మింగాలి. "మంచిగనే ఉన్న కదా బిడ్డా, ఇంకెందుకు గోలీలు?" అని అవ్వ అడిగితే ఒక్క వాక్యంలో తేలే జవాబు కాదు. నాలుగుసార్లు వెళ్లి, పక్కవీధిలో పక్షవాతం వచ్చినాయన సంగతి ఎత్తి, ఉప్పు, పచ్చడి గురించి మాట్లాడి, పాత చీటీ వెతికించి చూడాలి. స్క్రీనింగ్‌ అయిందని యాప్‌లో టిక్‌ పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. రెండోదానికే లెక్క ఉంటే మొదటిది ఎవరు చేస్తారు?

ఊళ్లో చెప్పేవాళ్ల లోకం, డాక్టర్లకు చెప్పేవాళ్ల లోకం కలిసే చోటు ఇప్పుడు ఒకటి ఏర్పడింది. దత్తత కుటుంబాల కోసం వైద్య విద్యార్థులు తెల్లకోట్లు వేసుకుని పల్లెలకు వస్తున్నారు. ఏ ఇంట్లో గర్భిణి ఉంది, ఏ ఇంట్లో పెద్దాయన షుగర్‌ మందులు మానేశాడు, ఎవరితో ఎలా మాట్లాడితే తలుపు తీస్తారన్నది చెప్పేది ఆశా కార్యకర్తే. బీపీ మిషన్‌ పట్టీ బిగించడం వచ్చిన కుర్రాడికి ఆ ఇంటి పెద్దమ్మతో మాట కలపడం ఆవిడ దగ్గరే తెలుస్తుంది. ఏట్‌కామ్‌ తరగతిలో స్లైడ్లు వేసి చెప్పేది అక్కడ కళ్లముందు జరుగుతుంది. ఆ పూట ఆవిడను క్షేత్ర బోధకురాలిగా కాలేజీ రికార్డులో రాసి, గౌరవ భృతి ఇచ్చి, ఏడాదికోసారి కమ్యూనిటీ మెడిసిన్‌ విభాగానికి పిలిచి నాలుగు మాటలు చెప్పించుకోవడానికి పెద్ద అడ్డంకేమీ లేదు. సూర్యాపేట కాలేజీ ఆ పని మొదలుపెడితే ఖర్చు కూడా పెద్దగా కాదు. ఆ రోజు ఆవిడ వేయాల్సిన ఎంట్రీలకు మాత్రం మినహాయింపు ఇవ్వాలి.